ముగ్గుపిండితో గీసిన నక్షా

ఖమ్మం నుంచి భద్రాచలానికి సుమారు 120 కిలోమీటర్లు. తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం చేరేవరకు మిర్చి, పత్తి చేలు కనిపిస్తాయి. పాల్వంచ దాటాక టేకు అడవి, కాగితపు మిల్లు కోసం పెంచే జామాయిల్ తోటలు మొదలవుతాయి. ఈ దారిన మేము అనేక పర్యాయాలు ప్రయాణించాం గానీ, దారి పొడవునా ఇళ్ల కప్పులనే చూస్తూ వెళ్లడం ఇదే మొదలు. మాతో వచ్చిన మా అన్నగారి కుమార్తె హైదరాబాదులో ఆర్కిటెక్చర్ అయిదవ సంవత్సరం చదువుతోంది. ఆ చదువు ముగియాలంటే విద్యార్థి తానే ఒక అవసరాన్ని ఎంచుకొని, దానికి తగిన కట్టడాన్ని రూపొందించి, పరీక్షకుల ముందు సమర్థించుకోవాలి. ఆమె ఎంచుకున్నది గోదావరి ఒడ్డు గ్రామాల కోసం ఒక వరద ఆశ్రయం.

ఈ చదువు గురించి మన కుటుంబాలలో తెలిసింది తక్కువ. వాస్తుశిల్పం అనే మాట వినగానే చాలామంది వాస్తు అనే అర్థం చేసుకుంటారు. వంటగది ఏ మూలన ఉండాలని ఆమెను పెళ్లిళ్లలో అడిగినవారు మాకు తెలుసు! మరికొందరి దృష్టిలో అది ఇంటి ముందుభాగానికి అందమైన బొమ్మ గీసే పని. ఆమె మాత్రం గోడలను కాదు, గోడల నడుమ మిగిలే తావును తీర్చడం తన పని అంటుంది. మొదటి సంవత్సరంలో ఆమెకు ఇచ్చిన అభ్యాసం ఒక మనిషి కూర్చుని చదువుకోవడానికి నీడ. మూడవ ఏట ఒక వీధి గ్రంథాలయం. నాలుగవ ఏట మహల్లా మస్జిద్. దానికి ఆమె గుమ్మటంతో మొదలుపెట్టలేదు. వుజూఖానాతో మొదలుపెట్టింది. వృద్ధులు వంగనవసరం లేని ఎత్తులో పీట, వాడిన నీరు చెట్ల మొదళ్లకు చేరే కాలువ, స్త్రీలు వీధిలో నిలబడకుండా నేరుగా లోపలికి వచ్చే దారి. గుమ్మటం లేని మస్జిద్ ఏమిటని తోటి విద్యార్థులు ఆశ్చర్యపడ్డారట. ఢాకాలో మరీనా తబస్సుమ్ నిర్మించిన బైతుర్రవూఫ్ మస్జిద్‌కు గుమ్మటమూ లేదు, మీనారూ లేదు. ఇటుక గోడల సందుల నుంచి, కప్పు రంధ్రాల నుంచి దిగే వెలుగే దానికి అలంకారం. ఆ స్థలాన్ని ఇచ్చినది ఆమె అమ్మమ్మ. 2016లో దానికి ఆగాఖాన్ పురస్కారం లభించింది.

ఖమ్మంలో మేము కోట దగ్గర ఆగాం. కాకతీయుల నాటి మూలాలున్న ఆ కోట 1531లో గోల్కొండ సుల్తాన్ కులీ కుతుబ్ షా వశమైంది. గుట్టను చదును చేయకుండా, దాని రాతి మడతలనే గోడలో కలుపుకొంటూ కట్టారు. అయితే మా అమ్మాయిని ఎక్కువసేపు నిలిపినది బురుజులు కాదు, జాఫరుద్దౌలా పేరు మీద జాఫర్ బావి అని పిలుచుకొనే మెట్లబావి. మిట్టమధ్యాహ్నం పైన రాయి కాలిపోతున్నది. మెట్లు దిగిన కొద్దీ చల్లదనం ముఖానికి తగిలింది. నీరు తోడుకోవడానికి గిలకా చేదా చాలు. మనుషులు నీటి దగ్గరికి దిగి, కూర్చుని, మాట్లాడుకొని, మళ్లీ ఎక్కేలా కట్టినవాడు బావితోపాటు ఒక నీడను కూడా కట్టాడు. ఆమె మెట్టు ఎత్తు, వెడల్పు కొలిచి పుస్తకంలో రాసుకుంది. నిండు బిందెతో ఎక్కే స్త్రీ కాలికి ఎంత ఎత్తు సుఖమో ఆనాటి మేస్త్రీకి తెలుసునంది.

దారిలో మా సంభాషణ మదీనా వైపు మళ్లింది. దైవప్రవక్త (స) హిజ్రత్ చేసి వచ్చి నిర్మించిన మస్జిద్‌కు పచ్చి ఇటుకల గోడలు, ఖర్జూరపు మాను స్తంభాలు, ఖర్జూరపు ఆకుల కప్పు. వాన పడితే కప్పు కారేది. తడిసిన మట్టిలో ఆయన సజ్దా చేసిన సంగతి హదీసులలో ఉంది. అదే మస్జిద్‌లో సుఫ్ఫా అనే నీడపట్టు ఇల్లూ వాకిలీ లేని సహచరులకు నివాసమైంది. ఆరాధనా స్థలమే నిరాశ్రయులకు ఇల్లు కూడా అయిందన్నమాట. దివ్య ఖుర్ఆన్ నహ్ల్ సూరాలో ఇంటిని ప్రశాంతినిచ్చే తావుగా పేర్కొన్నచోటే, ప్రయాణంలో తేలికగా మోసుకుపోయే తోలు గుడారాలను కూడా అల్లాహ్ అనుగ్రహాలలో చేర్చింది. నాలుగు రోజుల గుడారానికి కూడా ఇంటి గౌరవం ఉండాలని మాకు అర్థమైంది.

భద్రాచలంలో ఆ నాలుగు రోజులు ఊహ కాదు. వంతెన దగ్గరి కొలబద్దపై గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71.3 అడుగులు. అప్పుడు వంతెన మీద రాకపోకలే ఆపివేశారు. 1986 తర్వాత కట్టిన కరకట్ట పట్టణాన్ని చాలావరకు కాపాడుతుంది. అయితే నది పొంగినప్పుడు కట్టలోని తూముల తలుపులు మూయాలి, అప్పుడు ఊరిలో కురిసిన వాన లోపలే నిలిచి, మోటార్లతో తోడవలసి వస్తుంది. కట్టకు ఆవల ఉన్న పల్లెలకు ఆ రక్షణా లేదు. వారు ఊళ్లు విడిచి బడులలో, ఫంక్షన్ హాళ్లలో తలదాచుకుంటారు.

అటువంటి ఒక బడిలో అయిదు రోజులు గడిపిన ముస్లిం కుటుంబాన్ని మేము కలిశాం. అన్నం అందింది, దుప్పట్లు అందాయి, దాతలకు అల్లాహ్ మేలు చేయాలని ఇంటి పెద్దావిడ దుఆ చేసింది. తర్వాత గొంతు తగ్గించి మా అమ్మాయితో మాత్రమే మరో మాట చెప్పింది. మరుగుదొడ్డికి పోవాలంటే మగవారు పడుకున్న వరండా దాటాలి. అందుకని కోడళ్లూ ఆమే పగలంతా నీళ్లు తాగడం మానుకున్నారు. వారిలో ఒకరు నిండు గర్భిణి. నివేదికలలో ఈ దప్పికకు గడి ఉండదు. ఆ సాయంత్రం మా అమ్మాయి తన పాత నక్షాను పక్కన పెట్టింది. అందులో ఆశ్రయం నడిమధ్య ఒక పెద్ద హాలు, చివర వరుసగా మరుగుదొడ్లు. కాగితం మీద అది చూడముచ్చటగానే ఉండేది.

విద్యార్థి నక్షా కాగితం దాటి నేల మీదికి వస్తుందా అని సందేహించేవారు బంగ్లాదేశ్‌లోని రుద్రాపూర్ మెటి పాఠశాలను గుర్తు చేసుకోవాలి. జర్మనీకి చెందిన అన్నా హెరింగర్ ఆస్ట్రియాలో చదువుకుంటూ పట్టా కోసం సమర్పించిన నమూనా అది. 2005లో గ్రామస్థులే మట్టి తొక్కి, వెదురు కట్టి, రెండంతస్తుల బడిగా లేపారు. ఆగాఖాన్ పురస్కారం దానికీ వచ్చింది. మా అమ్మాయి బల్ల ఎదుట గోడకు ఆ బడి బొమ్మ అంటించి ఉంది. కనుక ఏజెన్సీలో మట్టి, వెదురు, తాటాకులతోనే ఆశ్రయం కట్టాలని ఆమె నిశ్చయించుకుంది.

మర్నాడు మేము వెళ్లిన కోయ పల్లెలో ఆ నిశ్చయానికి గట్టి ఎదురుదెబ్బ తగిలింది. ఊరి చుట్టూ ఇప్పచెట్లు. వెదురు తడికెకు మట్టి మెత్తిన గోడలు, మనిషి వంగి దూరేంత కిందికి దిగిన చూరు, బయట నున్నగా అలికిన అరుగు. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే ప్రాంతంలో ఆ ఇంట్లోని చల్లదనం అనుభవించి తెలుసుకోవలసిందే. పక్కనే రేకుల ఇల్లు నిప్పుల కొలిమిలా ఉంది. మట్టి ఇంటిని మెచ్చుకుంటున్న మా అమ్మాయిని ఒక ముసలమ్మ ఆపి, “నువ్వుండేది స్లాబు ఇల్లేనా, బిడ్డా?” అని అడిగింది. అవునంది మా అమ్మాయి. “మరి మాకు మట్టిదే మంచిదంటవేంది? ఏటేటా అలికేది మేమే. చెదలు దులిపేది మేమే. వరదొస్తే కరిగిపోయేది మా గోడనే.”

ఆ మాటకు జవాబు లేదు. ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫతహీ 1940లలో పేదల కోసం కొత్త గుర్నా గ్రామాన్ని పచ్చి ఇటుకలతో, గుమ్మటాలతో ఎంతో ప్రేమగా కట్టాడు. పాత ఊరివారిలో అధికులు అందులోకి రానే లేదు. వచ్చితీరాలని వారేమీ కోరుకోలేదు కూడా. మా దృష్టిలో ఫతహీ గొప్పతనం అంతటితో తగ్గదు, గుర్నావారి మాట విలువా తగ్గదు. పాకిస్తాన్ తొలి మహిళా ఆర్కిటెక్ట్ యాస్మీన్ లారీ దారి వేరు. కరాచీలో పెద్ద పెద్ద కార్యాలయ భవనాలు కట్టి 2000లో వృత్తి విరమించిన ఆమె, 2005 భూకంపం తర్వాత నిర్వాసితుల నడుమకు వెళ్లి, వెదురు, సున్నం, మట్టి కలిపి ఇళ్లు ఎలా కట్టుకోవాలో వారికే నేర్పింది. మట్టిలో సున్నం కలిస్తే నీటికి త్వరగా కరగదు. 2023లో బ్రిటన్ వాస్తుశిల్పుల సంస్థ ఆమెకు రాయల్ గోల్డ్ మెడల్ ఇచ్చింది.

మా అమ్మాయి వాదన మానుకుని ముగ్గుపిండి అడిగింది. ఊరి మధ్య ఖాళీ జాగాలో తన కొత్త నక్షాను అసలు కొలతలతోనే గీసింది. కాగితం మీది గీతలు ఆ స్త్రీలకు అంతుపట్టలేదు గానీ, నేల మీది గీతల లోపల వారు ఇంట్లో తిరిగినట్టే తిరిగారు. ఒకామె పొయ్యి పెట్టే చోట కూర్చుని చూసింది. అక్కడి నుంచి మరుగుదొడ్డి దారి కనిపించాలంది, రాత్రివేళ ఆడపిల్ల వెళ్తే ఒక కన్ను వేసి ఉంచవచ్చునని. మగవారి వైపు నుంచి మాత్రం అది కనిపించకూడదు. కూర్చున్నవారి ముఖం గానీ వీపు గానీ ఖిబ్లా వైపు రాకూడదన్నది మా అమ్మాయి ముందే పాటించిన నియమం. రెండూ కుదిరేలా గోడను మూడడుగులు జరిపారు. నక్షాలో అసలు లేనిది పశువుల పాక. ఎడ్లనూ మేకలనూ వదిలి ఎవరు వస్తారని ముసలమ్మ మళ్లీ అడిగింది. మిట్ట మీదికి పశువులు ఎక్కగల వాలుదారి అక్కడికక్కడే ముగ్గులోకి ఎక్కింది. వరద లేని రోజుల్లో ఆ పెద్ద గది పిల్లల చదువులకూ, పెళ్లిళ్లకూ ఉండాలన్నారు.

కప్పు సంగతి మాత్రం తేలలేదు. పల్లెవారికి స్లాబే కావాలి. నీరు మరీ పెరిగితే పైకి ఎక్కి నిలబడవచ్చునన్న వారి కారణమూ తీసివేయదగినది కాదు. స్లాబు కింద మే నెలలో వందమంది ఎలా పడుకోగలరన్నది మా అమ్మాయి ప్రశ్న. స్లాబు వేసి, దానిపైన వెదురు పందిరితో నీడ ఇచ్చే మార్గం ఒకటి ఇప్పుడు లెక్కలు కడుతోంది. వచ్చే నెల పరీక్షకుల ముందు రెండు కప్పుల నక్షాలూ పెడతానంటోంది.