లైటు వేస్తే గరగర!

తుమ్మలపల్లె అంటే ఇప్పుడు యురేనియం గనే గుర్తొస్తుంది. గని ఇంకా రాని రోజుల్లో, ఆ ఊళ్లో ఓ ఇంట్లో గొడవంతా ట్యూబ్‌లైటుతోనే. పొద్దుగూకితే తాతకు కడప రేడియోలో రైతుల కార్యక్రమం కావాలి... మీడియం వేవ్, 900 కిలోహెర్ట్జ్. పదో తరగతి మనవరాలికేమో వెలుతురు కావాలి. లైటు వేస్తే చాలు, రేడియోలో గర్ర్‌ర్!

'చదువుకో పాపా, వాన ఎట్లాగూ రాదు' అంటూ తాత రేడియో ఆపేసేవాడు. పిల్లకు చదువు మీద మనసు నిలిచేది కాదు.

ఓ రోజు ప్లగ్గు పీకి, సెల్లులు వేసి చూసింది. గరగర తగ్గింది, పోలేదు. అంటే కొంత కరెంటు తీగ వెంట, కొంత గాల్లోంచి వస్తోందన్నమాట. రేడియోను పక్కకు తిప్పింది. ఇంకాస్త తగ్గింది. లోపలుండే ఫెర్రైట్ కడ్డీ ఏరియల్ అన్ని దిక్కుల నుంచీ ఒకేలా అందుకోదు మరి!

చివరికి స్టార్టర్ విప్పింది. రేడియోలోకి రొద పోకుండా చూసే బుల్లి కెపాసిటర్ అందులో లేదు. తెంపింది తాతే! అప్పట్లో ట్యూబు కొసలు మాత్రమే ఎర్రగా వెలుగుతుంటే, అది తీసేస్తే సరిపోతుందని ఎవరో చెప్పారట. నిజంగానే వెలిగింది. కొత్త స్టార్టర్ ఖర్చు మిగిలిందని మురిసిపోయాడు.

మర్నాడు కొత్తది ఆయనే తెచ్చాడు. ఆ రాత్రి లైటు వెలుగుతుండగానే చెనిక్కాయల ధర స్పష్టంగా వినబడింది. వాన కబురు మాత్రం లేదు.