పిశాచచిత్ర దర్శనము

సినిమాలను గూర్చి వ్రాయుట మాకు అలవాటు లేదు. మాకు వచ్చిన విద్య పిల్లలకు సంధులు, సమాసములు చెప్పుట. అయినను 2006వ సంవత్సరమున హైదరాబాదులో చూచిన యొక ఆంగ్లచిత్రము ఇన్నేండ్లకును మమ్ము వదలకున్నది గనుక, దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

చిత్రము పేరు "అండర్‌వరల్డ్: ఎవల్యూషన్". 2003లో వచ్చిన "అండర్‌వరల్డ్"నకు ఇది రెండవ భాగము. దీని తరువాత మఱి మూడు భాగములు వచ్చినవి గాని అవి మేము చూడలేదు. మేమప్పుడు ఉపాధ్యాయశిక్షణ పొందుచుంటిమి. మా పెదతండ్రిగారి పెద్దకూతురు ఆ యూరిలోనే ఉద్యోగము చేయుచుండెను. ఒక ఆదివారము ఫోను చేసి, "ఒరేయ్ తమ్ముడూ, నీకు బేతాళకథలంటే ఇష్టం కదా, పిశాచాల సినిమా చూపిస్తాను రా" అనెను. వెళ్లితిమి. ఆమె చేతిలో మూడు టికెట్లున్నవి. మూడవది ఎవరిదో దీపములు ఆర్పిన తరువాతగాని తెలియలేదు. ఒక యువకుడు వచ్చి, అక్కకు ఆవలిప్రక్క కూర్చుండి, మాకు పాప్‌కార్న్ పొట్లము అందించి, "నమస్కారమండీ" అనెను. విషయము బోధపడినది. బోధపడనట్లు తెరవైపు చూచుచు కూర్చుంటిమి.

వేతాళుని మాట వచ్చినది గావున చెప్పుచున్నాము. 1870లో రిచర్డ్ బర్టన్ అను ఆంగ్లేయుడు విక్రమార్కుని కథలను ఇంగ్లీషున వ్రాయుచు వేతాళుని "వాంపైర్" అనెను. మన వేతాళుడు చెట్టునకు వ్రేలాడి చిక్కుప్రశ్నలు వేయునే గాని యెవని నెత్తుటిని త్రాగిన పాపమున పోలేదు. ఇక ఈ చిత్రములోని తోడేలుమనుష్యులను "లైకన్లు" అందురు. ఆ గ్రీకు మాట మన "వృక" శబ్దమునకు దాయాది. వృకోదరుడైన భీమసేనునకు ఇందులో వేషమీయకపోవుట మాత్రము అన్యాయమని మాకు తోచినది.

కథ 1202వ సంవత్సరమున మొదలగును. అలెగ్జాండర్ కొర్వినస్ అను హంగరీ సేనాని మహామారి బారినుండి బ్రతికి చావులేనివాడయ్యెను. అతని కవలకుమారులలో మార్కస్‌ను గబ్బిలము, విలియమ్‌ను తోడేలు కఱచినవి. ఒకడు రక్తపిశాచములకు, రెండవవాడు తోడేళ్లకు మూలపురుషుడు. చదువరులు గమనింపవలెను: శతాబ్దములుగా ఒకరినొకరు చంపుకొను రెండు కులములును ఒక్కతండ్రి బిడ్డలనుండి పుట్టినవే! విక్టర్ అను పిశాచప్రభువు తన వారికి నేర్పించిన చరిత్రలో సత్యము లేదు. సత్యమును వ్రాసిపెట్టిన టానిస్ అను చరిత్రకారుడు చెఱపాలయ్యెను.

ఈ విక్టర్ మొదటి భాగములో తన కన్నకూతురు సోన్యాను చంపించినవాడు. ఆమె దాసకులమువాడైన లూషియన్ అను తోడేలుమనిషిని వలచి గర్భవతి యయ్యెను. తండ్రి ఆమెను ఎండలో నిలిపి, ప్రియుడు చూచుచుండగా దహింపజేసెను. కథానాయిక సెలీన్ కుటుంబమును చంపినవాడును వీడే. ఆమె తండ్రి విలియమ్‌కు చెఱసాల కట్టిన శిల్పి. ఆ రహస్యము బయటపడకుండ ఇంటిల్లిపాదిని చంపి, తోడేళ్లు చంపినవని చెప్పి, ఆమెను మాత్రము కూతురివలె పెంచుకొనెను. ఆ చెఱసాల తాళపుచెవి రెండు తునకలు. ఒకటి సోన్యా మెడలోని పతకము. రెండవది విక్టర్ శరీరములోనే, ప్రక్కటెముకల క్రింద దాచబడి యుండెను. తుపాకుల మ్రోతకు చెవులు దిమ్మెక్కియున్నను, ఈ సంగతి తెలిసినపుడు మా యక్క మెడలోని సన్నని గొలుసును వ్రేళ్లతో పట్టుకొనుట ఆ వెలుతురులో మాకు కనబడినది.

అయినను మమ్ము పట్టుకొన్నవాడు విక్టర్ గాడు, ముదుసలి అలెగ్జాండర్. డెరెక్ జాకబీ అను గొప్ప రంగస్థలనటుడు ఆ వేషము ధరించెను. ఈ వృద్ధుడు సముద్రముమీద ఓడలో నుండును. కొడుకుల సంతతి కొట్టుకొని చచ్చిన ప్రతిచోటికి తన మనుష్యులను పంపి, శవములను తీయించి, ఆనవాళ్లు లేకుండ శుభ్రము చేయించును, లోకమునకు తెలియరాదు. కొడుకులను చంపడు, అదుపులోనికిని తేడు. ధృతరాష్ట్రునకు కన్నులు లేవని చెప్పుకొనుటకైన వీలున్నది.

బయటకు వచ్చిన పిమ్మట అక్క, "ఆ ముసలాయనకి అన్నీ తెలుసు కదరా, మరి ఎందుకు ఊరుకున్నాడు?" అని యడిగెను. "పుత్రప్రేమ" అంటిమి. ఆ యువకుడు నవ్వి, "కాదేమోనండీ, అలవాటు" అనెను.

మఱుసటి యేడు వారిద్దరును 1954 నాటి ప్రత్యేక వివాహచట్టము క్రింద పెండ్లి చేసికొనిరి. ముప్పది దినములు వారి పేర్లు కార్యాలయపు గోడమీద నున్నవి. ఆ సంగతి మాకు తెలియును. పెండ్లినాడు బడిలో పరీక్షలున్నవని చెప్పి మేము పోలేదు. పరీక్షలు లేవు.

మా పెదతండ్రిగారు విక్టర్ వంటివారని యెవరైన తలంచిన, అది మా వ్రాతలోని దోషము. వారి సావడిలో వీరేశలింగముగారి పటమున్నది. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరమున జరిగిన తొలి వితంతు వివాహమును గూర్చి చెప్పునపుడు వారి కంఠము గద్గదమగును. మాకును అక్కకును వ్యాకరణము నేర్పినవారు వారే. 2018లో మిర్యాలగూడలో ఒక యువకుని, గర్భవతియైన భార్య ప్రక్కనుండగనే ఆసుపత్రి ముంగిట నఱికి చంపినపుడు, పత్రిక క్రింద పడవేసి "రాక్షసులు" అనిరి. కూతురిని తిట్టలేదు, కొట్టలేదు. "అడిగినవాళ్లకి అమెరికాలో ఉందని చెప్పండి" అని మాత్రమనిరి. చెప్పితిమి. పెండ్లిండ్లలోను, బస్సులలోను, ఎన్నిమార్లో చెప్పితిమి. ఆమె సికింద్రాబాదులో నుండెను.

2009లో అక్క చెల్లెలికి పెండ్లి కుదిరినది. మా యింట శుభలేఖలు వ్రాయువారము మేమే. "మా ద్వితీయ పుత్రిక" అని వ్రాసి తీసికొనిపోతిమి. పెదతండ్రిగారు కలము తీసి ఆ మాట కొట్టివేసి, "ఏకైక అని వ్రాయి నాయనా, చదవడానికి బాగుంటుంది" అనిరి. పెద్దమ్మగారు వంటింటి గుమ్మములో నిలుచుండి వినుచుండిరి. మేము వ్రాసితిమి. మంచి చేవ్రాలున వ్రాసితిమి. టానిస్ కథ చూచి యప్పటికి మూడేండ్లైనది.

ఆ శుభలేఖ ఎట్లో అక్క చేతికి పోయినది. ఫోను చేసి, "ఏక, ఏక, ఏకైక. వృద్ధిసంధి కదరా తమ్ముడూ?" అనెను. తరువాత మా అమ్మ మోకాళ్లనొప్పిని గూర్చి అడిగి పెట్టివేసెను. ఏటేట తరగతిలో వృద్ధిసంధి చెప్పునపుడు మేము "రసైక", "వనౌషధి" అను ఉదాహరణములతోనే సరిపెట్టుచున్నాము. పుస్తకములో మూడవది యున్నదని పిల్లలు చూపింతురు.

ఇప్పుడు పెదతండ్రిగారికి సహస్రచంద్రదర్శనము చేయనున్నారు. పిలుపుపత్రము మరల మాకే వచ్చినది. "పుత్రికలు, అల్లుండ్రు" అని వ్రాసి, మొదట అక్క పేరును బావగారి పేరును ఇంటిపేరుతోసహా వ్రాసి, చెల్లెలి దంపతుల పేర్లు తరువాత వ్రాసి పంపితిమి. ఎనిమిది దినములైనను జవాబు లేదు. నిన్న సాయంకాలము పెద్దమ్మగారు ఫోను చేసి, "కాగితం ఆయన దగ్గరే ఉంది నాయనా. అల్లుడుగారి ఇంటిపేరులో దీర్ఘం ఉందో లేదో ఒకసారి చూసి చెప్పు" అనిరి. ఏ యల్లుడుగారని అడుగుటకు మాకు నోరు రాలేదు.