వట్టి చేతులకు బంగారు పతకం

పిల్లలూ! పందెంలో గెలిచినవాడికి పతకం ఇస్తారని మీకందరికీ తెలుసు. మరి, తలపెట్టిన పని నెరవేరక వట్టి చేతులతో తిరిగివచ్చినవాడికి ఎవరైనా బంగారు పతకం ఇస్తారా? ఇచ్చారు. అదీ ఒక ఓడ కళాసీకి! ఆ సంగతి చెప్పబోయేముందు నా చిన్ననాటి ముచ్చట ఒకటి చెబుతాను. అది చెప్పుకోవాలంటే నాకు ఇప్పటికీ సిగ్గుగానే వుంటుంది.

మా వూరి పక్కనుంచి గోదావరి కాలువ పోతుంది. ఒకనాటి సాయంత్రం ఒక పిల్లవాడు రేవులో మెట్టుమీద కాలుజారి నీళ్ళలో పడ్డాడు. ఆడవాళ్ళు కేకలు పెట్టారు. గట్టువెంట పడవ లాగుతూ పోతున్న మనిషి ఒకడు భుజంమీది తాడు వదిలేసి గభాలున దూకాడు. మూడుసార్లు మునిగి వెతికాడు. మూడుసార్లూ వట్టి చేతులతోనే తేలాడు. ఈలోగా ప్రవాహం పిల్లవాణ్ణి దిగువకు లాక్కుపోయింది. అదృష్టం కొద్దీ లాకుల దగ్గరున్నవాళ్ళు వాణ్ణి చూసి, జుట్టు పట్టుకుని పైకి లాగారు. పిల్లవాడు బతికాడు.

ఊరంతా లాకుల దగ్గరికి పరుగెత్తింది. దూకిన మనిషి మాత్రం రేవులో ఒంటరిగా, తడిబట్టలతో వణుకుతూ కూర్చున్నాడు. మేం కుర్రాళ్ళం అతని చుట్టూ చేరి, “పిల్లవాడు అక్కడుంటే ఇక్కడ వెతికావేమయ్యా!” అని నవ్వాం. అతను మారుమాట్లాడలేదు. తన తాడు తాను తీసుకుని వెళ్ళిపోయాడు.

చాలా ఏళ్ళ తరువాత మాథ్యూ వెబ్ అనే నావికుడి చరిత్ర చదువుతుంటే నాకు ఆ పడవమనిషి గుర్తుకొచ్చాడు.

వెబ్ 1848లో ఇంగ్లండులోని డాలీ అనే చిన్న వూళ్ళో పుట్టాడు. సెవర్న్ నదిలో ఈత నేర్చుకున్నాడు. ఆ నదిలోనే మునిగిపోబోతున్న తన తమ్ముణ్ణి కాపాడాడు కూడా. పన్నెండేళ్ళ వయసులో, నావికులను తయారుచేసే ‘కాన్వే’ అనే శిక్షణ ఓడలో చేరి, తరువాత సముద్రాలమీద తిరగసాగాడు.

1873 ఏప్రిల్ నెల. ‘రష్యా’ అనే పేరుగల స్టీమరు న్యూయార్కు నుంచి లివర్‌పూల్‌కు పోతున్నది. వెబ్ అందులో పనిచేస్తున్నాడు. అట్లాంటిక్ మహాసముద్రం నడుమ ఒక నావికుడు ఓడమీదనుంచి సముద్రంలో పడిపోయాడు. వెబ్ వెనకాముందూ చూడకుండా దూకాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. బండిని ఆపినట్టు ఓడను ఆపడం కుదరదు. యంత్రాలు నిలిపినా అది చాలాదూరం సాగిపోతుంది. తరువాత చిన్న పడవ దించి, వెనక్కు తెడ్లు వేసుకుంటూ రావాలి. అలల మధ్య మనిషి తల ఒక కొబ్బరికాయంతైనా కనపడదు. నీళ్ళా, చల్లని నీళ్ళు! వెబ్ చాలాసేపు ఆ నీళ్ళలోనే ఈదుతూ వెతికాడు. పడిపోయినవాడు దొరకనే లేదు. చివరకు పడవవాళ్ళు వచ్చి వెబ్‌ను మాత్రం పైకి తీసుకున్నారు.

ఓడలోని ప్రయాణికులు అతణ్ణి చూసి నవ్వలేదు. చందాలు వేసుకుని 100 పౌన్లు బహుమతి ఇచ్చారు. మరుసటి సంవత్సరం లండనులోని రాయల్ హ్యూమేన్ సొసైటీవారు అతనికి స్టాన్‌హోప్ బంగారు పతకం ఇచ్చారు. ఆ పతకం అందుకున్న మొట్టమొదటివాడు అతనే!

ఈ సంఘం 1774లో పుట్టింది. నీళ్ళలో మునిగి ఊపిరి ఆగినట్టు కనిపించినవాళ్ళంతా చచ్చిపోయినట్టు కాదనీ, వెంటనే ప్రయత్నిస్తే కొందరు బతుకుతారనీ నలుగురికీ చెప్పడానికి ఇద్దరు వైద్యులు దాన్ని స్థాపించారు. అందుకే వారి పతకంమీద ఒక పసివాడు ఆరిపోయిన కాగడాను నోటితో ఊదుతూ వుంటాడు. ‘ఒక్క నిప్పురవ్వయినా దాగి వుందేమో’ అని దానిమీద లాటిన్ భాషలో రాసి వుంటుంది.

పతకానికి రెండో వైపున ఇంకా ముచ్చటైన సంగతి వుంది. ఆ కాలంలో అక్కడ రెండు రకాల మాటలు చెక్కేవారు. ప్రాణం కాపాడగలిగినవాడికి ఒక మాట. కాపాడలేకపోయినవాడికి, ‘తన ప్రాణాన్ని ప్రమాదానికి ఒడ్డినందుకు’ అనే అర్థం వచ్చే మరొక మాట. చూశారా! ఫలితం మన చేతిలో వుండదనీ, ప్రయత్నం మాత్రమే మనదనీ వాళ్ళు ముందే గుర్తించారు. మన దేశంలో కూడా తోటివారి ప్రాణాలు కాపాడినవారికి 1961 నుంచి జీవన్ రక్షా పతకాలు ఇస్తున్నారు.

వెబ్ ఆ తరువాత ఇంకా పేరు తెచ్చుకున్నాడు. 1875 ఆగస్టులో ఇంగ్లండునుంచి ఫ్రాన్సుకు ఇంగ్లీషు ఛానెల్‌ను 21 గంటల 45 నిమిషాలలో ఈదాడు. అంతకు కొద్దిరోజుల ముందు ఒకసారి ప్రయత్నించి వెనక్కు రావలసివచ్చింది! కాని అంతటి గజ ఈతగాడు కూడా 1883లో నయాగరా నదిలోని సుడిగుండాలు దాటబోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. నీటికి ఎవరిమీదా మొహమాటం వుండదు.

కనుక, పిల్లలూ, ఎవరైనా మునిగిపోతుంటే మీరు దూకవద్దు. మునిగేవాడు ప్రాణభయంతో మిమ్మల్ని గట్టిగా వాటేసుకుంటాడు, ఇద్దరూ మునుగుతారు. పెద్దగా కేకవేసి పెద్దవాళ్ళను పిలవండి. గట్టుమీదనే వుండి తాడో, వెదురుగడో, పొడుగాటి పంచో అందించండి. మూత బిగించిన ఖాళీ డబ్బా విసిరినా దాన్ని పట్టుకుని తేలుతాడు. ఇదీ సాహసమే, తెలివైన సాహసం.

ఇంకొక్క మాట. ప్రయత్నించి ఓడినవాడు మీకు కనిపిస్తే నవ్వకండి. ఆనాడు మా రేవులో వణుకుతూ కూర్చున్న మనిషికి మేం బంగారు పతకం ఇవ్వలేకపోవచ్చు. ఒక పొడి తువ్వాలు ఇవ్వగలిగివుండేవాళ్ళం. ఇల్లు నాలుగు అడుగుల దూరంలోనే వుంది.