పాలమూరు బడులు

పాలమూరువారికి చదువుపై నాసక్తి లేదని పట్టణవాసులు కొందఱనుచుండ వింటిని. వారికాధారము జనాభా లెక్కలు. 2011 లో మహబూబునగరం జిల్లాయందు అక్షరాస్యులు నూటికి 55 గురు మాత్రమే. నాటి ఆంధ్రప్రదేశపు 23 జిల్లాలలో నిదియే కడపటిది. పొరుగున నున్న నల్లగొండ 64 తో కొంత మేలు. అంకె నిజమే కాని, దానికి వారు చెప్పు కారణము నిజము కాదు.

మా యింటికి కూరలు తెచ్చు నామె రెండు మేకల నమ్మి కొడుకును ప్రయివేటు బడిలో వేసినది. ఏలయని యడిగితిని. "బస్సొస్తది, టై కడ్తరు సారూ. ఇంగ్లీషు రాక యాడికి పోతది?" అనెను. ఆ బాలుడు రెండవ తరగతి. ఇంగ్లీషు పాట యొకటి గడగడ నప్పగించెను. తెలుగు వాచకము చేతికీయగా రెండవ పంక్తికడనే నిలిచిపోయెను. సర్కారు బడిలో నాల్గవ తరగతి చదువు వాని యక్కయు నంతకంటె దూరము పోలేదు. మేకలు పోయినవి, చదువు మాత్రము రెండు బడులలోను రాలేదు.

ఈ తగవును పరీక్షించి తేల్పవలయునని కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను పరిశోధకులు 2008 లో ఆంధ్రప్రదేశమందలి 180 గ్రామములలో నొక ప్రయత్నము చేసిరి. ప్రయివేటు బడికి పోగోరిన పేదపిల్లలలో చీట్లు వేసి, చీటి వచ్చినవారి బడిజీతములు తాము చెల్లించిరి. నాలుగేండ్ల తరువాత చూడగా తెలుగునందును లెక్కలయందును వీరికిని సర్కారు బడి పిల్లలకును భేదము కానరాలేదు; హిందీలో మాత్రము వీరు మేలు. తెలుగునకును లెక్కలకును ప్రయివేటు బడులు తక్కువ కాలము వినియోగించుచుండెను. అయినను పిల్లవాని కొక్కింటికి వానికగు ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడవవంతైనను లేదు. 2015 లో ప్రకటితమైన యీ ఫలితమునుండి ప్రయివేటు పక్షమువారు ఖర్చు సంగతిని, సర్కారు పక్షమువారు సమానత్వమును ఏరుకొనిరి. చదువరాని పిల్లలు రెండు పక్షములకును పనికిరాకపోయిరి!

నిజాము కాలమున ఉర్దూ బోధనకెదురు నిలిచి తెలుగు బడికై మన పెద్దలెంతయో పాటుపడిరి. 2022 మార్చి 8 న వనపర్తిలో "మన ఊరు - మన బడి" ప్రారంభమైనది. ఆ యేటినుండియే సర్కారు బడులలో ఇంగ్లీషు బోధనయు వచ్చినది. గోడలకు సున్నము, నీటికి కుళాయి, మఱుగుదొడ్డి, అన్నియు వలసినవే, కాదనను. ఇంగ్లీషును వలదనను, కూరలమ్ము నామె కోరిక నాకు హాస్యాస్పదము కాదు. కాని తనభాషలో పంక్తి చదువలేని బిడ్డకు పరభాషలో పాఠము చెప్పిన నేమి యబ్బును?

ఇక వలస. తల్లిదండ్రులు పనికై బొంబాయికో పూనాకో పోవుచు పిల్లలను వెంటగొనిపోదురు. నెలలు గడచి బిడ్డ తిరిగివచ్చునప్పటికి తరగతి ముందునకు సాగిపోయియుండును. ఉపాధ్యాయుడు పాఠ్యక్రమము ముగింపవలయును గనుక వానికై వెనుకకు మరలడు. 1971 లో నల్లగొండ జిల్లా సర్వేలులో నెలకొన్న గురుకులమెందఱినో పైకి దెచ్చినది, నిజమే. ప్రవేశపరీక్ష నెగ్గలేనివారికి ఊరిబడియే గతి.

ఏటేట దసరాకు ముందొక మారు, వేసవి సెలవులకు ముందొక మారు మూడవ తరగతి పిల్లలచేత తల్లిదండ్రుల యెదుట తెలుగు వాచకము బిగ్గరగా చదివింపవలయునని నా కోరిక. దీనికి సున్నపు ఖర్చైనను కాదు. చదువలేనివారి పేర్లు వ్రాసికొని, మఱునాటినుండి దినమునకొక గంట వారికే కేటాయింపవచ్చును.