బేస్ కింద నాయనమ్మ గొంతు

డబ్‌స్టెప్ అంటే ఉత్త గోల అనుకుంటారు మనవాళ్లు. దక్షిణ లండన్‌లో 2000 ప్రాంతంలో పుట్టిన ఈ సంగీతం వేగం నిమిషానికి 140 బీట్లు. దరువు మాత్రం అందులో సగం వేగంతో నడిచినట్టుంటుంది. ప్రాణమంతా అడుగున మోగే బేస్‌లోనే.

దాదర్‌లో మా చాల్ గదిలో నాయనమ్మ బతుకమ్మ పాటను ఫోన్లో రికార్డు చేసి, దానికింద అలాంటి బేస్ వేశాను. మోకాళ్ల నొప్పులతో ఆమె ఆట మానేసి మూడేళ్లయింది. గొంతైనా ఉండాలని నా ఆశ.

మిక్సింగ్ ఎలా ఉందో చెప్పమని అందరికీ వినిపించాను. గణపతి పండక్కి బెంజో పార్టీలో కీబోర్డు వాయించే అన్నయ్య ఫోన్లో విని, "బేస్ ఏదే?" అన్నాడు. 50 హెర్ట్జ్ శబ్దం ఫోన్ స్పీకర్లో ఎక్కడ పలుకుతుంది! పెద్ద స్పీకర్లో పెడితే చెక్కగోడ అదిరి పక్కింటత్త పరుగున వచ్చింది. (అదీ ఒక అభిప్రాయమే.) బేస్‌కు కాస్త డిస్టార్షన్ కలిపితే ఫోన్లోనూ జాడ తెలిసింది.

నాయనమ్మ మాత్రం, "నా గొంతు బాయిలకెల్లి వస్తున్నట్టున్నదేందే?" అంది. రివర్బ్ నాకిష్టమే, అయినా తీసేశాను. 300 హెర్ట్జ్ చుట్టుపక్కల బేస్‌ను కోసి, గొంతుకు చోటిచ్చాను. ఇప్పుడు చరణానికీ చరణానికీ మధ్య ఆమె ఊపిరి వినిపిస్తోంది, వెనకాల లోకల్ రైలు హారన్ కూడా.

రైలు తీసెయ్యమంటాడు అన్నయ్య. నేను తియ్యను.