నొచ్చిన మనస్సు, మూసిన పుస్తకం

మతాన్ని గురించి వ్రాయడం నిప్పుతో చెలగాటమని పెద్దలంటారు. నేడు చదవడం కూడా అంతే అయినది. భక్తుడు గ్రంథాన్ని కళ్ళకద్దుకుంటాడు. పండితుడు అదే గ్రంథాన్ని విప్పి, ఇది ఎప్పుడు పుట్టినది, ఎవరి చేతుల మీదుగా మనదాకా వచ్చినది అని ప్రశ్నిస్తాడు. ఈ రెండు పనులూ ఒకే ఊరిలో, ఒక్కొక్కప్పుడు ఒకే మనిషిలో జరుగుతుంటాయి. ఒకదాన్నొకటి సహించగలవా అన్నది నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న.

మా ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. మా నర్సీపట్నం మన్యానికి ముఖద్వారం. చింతపల్లి కొండల నుండి దిగే సరుకూ, తుని వైపు నుండి వచ్చే సరుకూ ఇక్కడ కలుస్తాయి గాని, మంచి పుస్తకం కావాలంటే విశాఖపట్నం వెళ్ళవలసినదే. అటువంటి ఊళ్ళో బీరువాలోంచి ఒక పుస్తకం తొలగిపోయిందంటే, అది మాకు లోకంలోనే లేనట్లు. కొన్నేళ్ళ క్రిందట ఒక పఠనాలయంలో నేను చదువుతున్న మతచరిత్ర గ్రంథం అట్లే మాయమైనది. అడిగితే, "ఎవరో అభ్యంతరం చెప్పారట" అన్నారు. ఎవరు, ఏ పుటకు, ఏ వాక్యానికి అన్నది ఎవరికీ తెలియదు. ఉత్తర్వు లేదు, కాగితం లేదు. అది నా మతాన్ని గురించిన పుస్తకమే. అందులో నాకు నచ్చని పుటలున్నాయి. వాటికి సమాధానం వ్రాయాలని గుర్తులు కూడా పెట్టుకున్నాను. పుస్తకంతో పాటు నా సమాధానమూ పోయింది.

ఈ విషయంలో చట్టం ఏమంటున్నదో విద్యార్థి మిత్రులు తెలుసుకోవాలి. 1924లో లాహోరులో ప్రవక్తను అవమానిస్తూ ఒక కరపత్రం వెలువడినది. 1927లో హైకోర్టు దాని ప్రచురణకర్త రాజ్‌పాల్‌ను నిర్దోషిగా విడిచిపెట్టగా, దేశమంతటా అలజడి రేగినది. ఆ ఏడే శిక్షాస్మృతిలో 295-ఎ సెక్షను చేరినది. రాజ్‌పాల్ 1929లో హత్యకు గురైనాడు. ఆ సెక్షను మీద చర్చ జరిగినప్పుడు కేంద్ర శాసనసభలో మహమ్మదలీ జిన్నా, చారిత్రక పరిశోధన చేసేవారికీ, సద్బుద్ధితో మతాన్ని విమర్శించేవారికీ రక్షణ ఉండాలని పట్టుబట్టిన సంగతి గమనార్హం. అందువల్లనే బుద్ధిపూర్వకమైన దురుద్దేశం ఉంటేనే నేరమన్న నియమం చట్టంలో నిలిచినది. 1957లో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతినే స్పష్టం చేసినది. 2024 జులై 1 నుండి ఆ సెక్షను భారతీయ న్యాయ సంహితలో 299వదైనది. ప్రభుత్వం ఒక పుస్తకాన్ని జప్తు చేయాలన్నా కారణాలు వ్రాసి ప్రకటించాలి. ఆ ప్రకటనపై రెండు నెలల లోపల హైకోర్టుకు వెళ్ళవచ్చు.

చట్టం ఇంత జాగ్రత్తగా నడుస్తుంటే, భయం అంతకంటె వేగంగా నడుస్తున్నది. జేమ్స్ లేన్ శివాజీపై వ్రాసిన గ్రంథానికి సహాయపడ్డారన్న కోపంతో 2004 జనవరి 5న పూనాలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థపై గుంపు పడినది. ఆ గ్రంథంపై నిషేధాన్ని బొంబాయి హైకోర్టు 2007లో కొట్టివేయగా, 2010లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే నిలబెట్టినది. కాని ఆనాటి విధ్వంసాన్ని ఏ తీర్పు సరిచేయగలదు? 2014లో వెండీ డోనిగర్ హిందువుల చరిత్రపై వ్రాసిన గ్రంథాన్ని, ఏ న్యాయస్థానమూ ఆదేశించకుండానే, పెంగ్విన్ సంస్థ రాజీపడి ఉపసంహరించుకొన్నది.

మన తెలుగునాట సంగతి చూడండి. కంచ ఐలయ్యగారి 'పోస్ట్-హిందూ ఇండియా' 2009లో ఆంగ్లంలో వెలువడినది. అందులోని ఒక అధ్యాయం 2017లో తెలుగు చిన్న పుస్తకంగా రాగానే ఆర్యవైశ్యులు తీవ్రంగా నొచ్చుకొన్నారు. ఒక కులాన్నంతటినీ ఒకే మాటతో నిందించినట్లున్న ఆ శీర్షికకు నొచ్చుకోవడం నటన కాదు. కాని సెప్టెంబరులో పరకాలలో రచయిత కారుపై దాడి జరిగినది. నిషేధం కోరిన వ్యాజ్యాన్ని 2017 అక్టోబరు 13న సుప్రీంకోర్టు తిరస్కరిస్తూ, రచయిత హక్కును తేలికగా కుదించరాదన్నది. రాయి విసిరినవారికి దక్కనిది, ఒక మంచి ఖండన గ్రంథం వ్రాసినవారికి దక్కేది కాదా?

మనకు మరొక సంప్రదాయం కూడా ఉన్నది. చిలుకూరి నారాయణరావుగారు హిందూ పండితులై ఉండి, 1920ల దశకంలోనే ఖురాన్‌ను తెనిగించారు. పిఠాపురం ఉమర్ ఆలీషాగారు ముస్లిం పీఠాధిపతులై ఉండి తెలుగులో కావ్యాలు రచించారు. పరాయి మతం జోలికి పోరాదన్నది నియమమైతే మొదటివారి కృషి పుట్టేదే కాదు. అల్పసంఖ్యాకులమైన మనకు ఇది మరీ ముఖ్యం. నొచ్చిన వారి సంఖ్యను బట్టి పుస్తకాల భవితవ్యం నిర్ణయమైతే, ఏనాటికైనా ముందుగా మూతపడేవి మన పుస్తకాలే.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు నాదొక సవినయమైన విన్నపం. మన గ్రంథాలయంలోని ఏ పుస్తకంపైనైనా అభ్యంతరం వస్తే, దానిని పుట సంఖ్యతో సహా లిఖితపూర్వకంగా తీసుకోండి. నిర్ణయించేవారు ముందు పుస్తకం పూర్తిగా చదవాలి. నిర్ణయాన్ని కారణాలతో ప్రకటించాలి. అంతవరకు పుస్తకం బీరువాలోనే ఉండాలి. అభ్యంతరం చెప్పినవారికి ఈ సంచికలోనే నాలుగు పుటలు కేటాయించండి, సమాధానం వ్రాయనివ్వండి. పుస్తకాన్ని దాచితే నొప్పి తీరదు, లోలోపలే ముదురుతుంది. ఎదురుగా కూర్చుండబెట్టి మాట్లాడిస్తే, కనీసం ఎక్కడ నొచ్చినదో తెలుస్తుంది.