కాళ్లకు నీళ్లు

మా పుట్టినింటి వాకిట ఒక రాతి తొట్టియు, దాని అంచున ఒక ఇత్తడి చెంబును ఎల్లప్పుడు ఉండెడివి. పొరుగూరి నుండి వచ్చినవారెవ్వరైనను కాళ్లు కడుగుకొనియే గడప త్రొక్కెడివారు. పెద్దలు వచ్చినపుడు నీళ్లు పోయు పని మాది. చెంబు వంచి నీరు పోయుటయే కాని, వంగి ఒకరి పాదములను చేతితో ముట్టి కడుగుట మేమెన్నడు నెఱుగము. ఈ రెండు పనులకు నడుమ ఎంత దూరమున్నదో తెలిసికొనుటకు మాకు ముప్పదియైదేండ్లు పట్టినది.

మా తండ్రిగారు తెలుగు పండితులు, క్రైస్తవులు. చిన్ననాట మాకు తఱచుగా ఉబ్బసము వచ్చుచుండుటచే బడికి పోయిన దినములు తక్కువ. చదివిన నాలుగు ముక్కలును ఇంటనే, ఆయన ప్రక్కనే. ప్రొద్దు గ్రుంకిన పిదప మొదట భారతమో భాగవతమో, పిమ్మట సువార్త. ఈ కలయికను చూచి సంఘపు పెద్దలు కొందఱు నొసలు చిట్లించెడివారు. నాన్నగారు నవ్వి ఊరకుండెడివారు. ఒకనాటి సాయంకాలము భాగవతమున కుచేలోపాఖ్యానమును, సువార్తలో యోహాను పదుమూడవ అధ్యాయమును ఒక్కపూటనే తటస్థించినవి. అక్కడ శ్రీకృష్ణుడు చినిగిన వస్త్రములతో వచ్చిన బాల్యమిత్రుని తన పాన్పుపై కూర్చుండబెట్టి కాళ్లు కడుగును. ఇక్కడ యేసు, తన మరణము సమీపించినదని ఎఱిగియు, పంక్తి నుండి లేచి, పైవస్త్రము తీసి, తువ్వాలు నడుమునకు కట్టుకొని, పళ్లెములో నీళ్లు పోసి శిష్యుల పాదములు కడుగును. తన్ను పట్టియీయబోవువాని పాదములును అందులోనివే. ఆ దేశమున అది ఇంటి యజమానుని పని కాదు. దాసులలో కడపటివారి పని. పేతురు మాత్రము తన కాళ్లు ముట్టవలదని అడ్డుచెప్పెను.

"ఎందుకు వలదనెను? సంతోషింపవలదా?" అని మేమడిగితిమి. నాన్నగారు పుస్తకము మూసి, "నీ కాళ్లు ఇంకొకరు కడుగవలసిన దినము వచ్చినపుడు నీకే తెలియునమ్మా" అనిరి. పదేండ్ల పిల్లకు ఆ మాట రుచింపలేదు.

మా వారు గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలయందు ఉపాధ్యాయులు. మా అత్తగారును ముప్పదేండ్లు ఎలిమెంటరీ బడిలో పిల్లలకు ఓనమాలు దిద్దించినవారే. ఊరిలో ఇప్పటికిని "పంతులమ్మగారు" అనిన ఆమెయే గాని మేము కాము. 2022 ఆగస్టులో ఒక వేకువను పెరటిలో మల్లెపాదునకు నీళ్లు పోయుచు ఆమె కూలిపోయిరి. పక్షవాతము. కుడిచేయి, కుడికాలు, మాట, మూడును ఒక్కసారిగా పోయినవి. ఆసుపత్రి నుండి ఇంటికి తెచ్చిన నాటికి "ఊఁ" అనియు, "వద్దు" అనియు రెండు మాటలు మాత్రము మిగిలియుండెను.

మేము శ్రద్ధగా చేసితిమి. మా వారి బడిలోని కాలపట్టిక వలె ఒక కాగితము గీసి గోడకు అంటించితిమి. అయిదు గంటలకు ఒళ్లు తుడుచుట, ఆరింటికి రాగిజావ, ఎనిమిదింటికి మందు, పదింటికి పక్క దులుపుట, ఈ రీతిగా రాత్రి తొమ్మిది వఱకు. ఒక్క గడియయు తప్పలేదు. ఇరుగుపొరుగు అమ్మలక్కలు వచ్చి, ఈ కాలమున ఇట్టి కోడలు కలదా యని బుగ్గలు నొక్కుకొనిరి. ఒక ఆదివారమున పాదిరిగారు ప్రసంగములోనే మమ్ములను చూపి ఇది గదా క్రీస్తు ప్రేమ యనిరి. తల వంచుకొంటిమి గాని, లోలోపల ఎంత పొంగితిమో దేవునికెఱుక.

అత్తగారు మాత్రము పొంగలేదు. ఒళ్లు తుడువబోవు వేళకు ముఖము గోడవైపు త్రిప్పుకొనెడివారు. ఆడుచున్న ఎడమచేతితో దుప్పటి అంచును బిగించి పట్టుకొనెడివారు. మేము ఆ వ్రేళ్లను ఒక్కొక్కటిగా విప్పి మా పని మేము చేసికొని పోయెడివారము. ఒకనాటి రాత్రి, "ఇంత చేయుచున్నను ఒక్క చల్లని చూపైన లేదుగదా" అని మా వారితో అంటిమి. ఆయన నోటుపుస్తకములు దిద్దుచు తల యెత్తకయే, "మా అమ్మ ముప్పదేండ్లు ఊరి పిల్లల ముక్కులు తుడిచినది. తుడిపించుకొనుట ఆమెకు రాదు" అనిరి. ఆ మాటకు ఆయనమీద కోపము వచ్చినది.

అక్టోబరులో ఒక శనివారము మధ్యాహ్నము ఊరి చివరి పాలెమునుండి ఒక ముసలమ్మ మా అత్తగారిని చూడవచ్చెను. గుంటూరులో ఒక ఆసుపత్రియందు ఆయాగా చిరకాలము పనిచేసి విరమించిన మనిషి. ఆమె మనుమరాండ్రిద్దఱును అత్తగారి వద్ద అక్షరములు నేర్చినవారట. కొంగున మూటగట్టి నాలుగు సీతాఫలములు తెచ్చెను. మంచము ప్రక్క నేలమీద చతికిలబడి కొంతసేపు చూచి, "పక్క తడిసినట్టుందమ్మా" అనెను. పక్క మార్చు వేళ నాలుగింటికి గదా అని మేము గోడ మీది కాగితము వైపు చూచితిమి. ఎంత సిగ్గుమాలిన చూపు!

ముసలమ్మ లేచి చేతులు కడుగుకొనివచ్చి, అత్తగారి కన్నులకు తన కన్నులు సమముగా వచ్చునట్లు వంగి, "పంతులమ్మగారూ, పక్క తడిసింది. మార్చమంటారా?" అని అడిగెను. అడిగి ఊరకుండెను. ఆ ఊరకుండుట ఎంతసేపో! మాకు నిలువలేక ఆమె తరపున మేమే బదులు చెప్పబోతిమి. ముసలమ్మ చేయి చూపి మమ్ములను ఆపెను. కొంత తడవునకు అత్తగారు "ఊఁ" అనిరి.

అంతట మొదట పైన పొడి దుప్పటి కప్పి, దాని చాటుననే తడిసిన చీర తీసెను. పట్టి లాగక, భుజము క్రిందను తుంటి క్రిందను చేతులుంచి పక్కకు ఒత్తిగిల జేసెను. రవికె మార్చునపుడు, "పడిపోయిన చెయ్యి ముందు తొడగాలమ్మా. విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు. లేకపోతే ఆ భుజం గుంజుకుపోతుంది" అని మాతో మెల్లగా చెప్పెను. రెండు నెలలుగా మేము చేసినది సరిగా తలక్రిందులు. ప్రతి ఉదయమును అయిదు గంటలకు, కాలపట్టిక తప్పక, ఆ పట్టు దప్పిన భుజమును లాగుచుంటిమి. నొప్పి యని చెప్పుటకు ఆమెకు మాట లేదు. గోడవైపు ముఖము త్రిప్పుకొనుటయే ఆమె చెప్పిన మాట.

జావ త్రాగించుటయు నేర్పెను. వెన్నుకు దిండ్లు పెట్టి నిటారుగా కూర్చుండబెట్టవలెనట. గడ్డము కొంచెము దించవలెనట. చిన్న చెంచాతో, బాగున్న పక్క బుగ్గలోనికి. మ్రింగినారని గొంతు చూచిన పిదపనే రెండవ చెంచా. చివర దుప్పటి ఎత్తి పాదములు చూచెను. కుడి మడమ మీద రూపాయి బిళ్లంత ఎఱ్ఱదనము. "రెండు గంటలకోసారి తిప్పాలి తల్లీ. ఇది పుండవడానికి ఎంతోసేపు పట్టదు" అని పిక్క క్రింద మెత్త పెట్టి మడమను గాలికి వదలెను. మేము ప్రతిదినమును ఒళ్లంతయు తుడిచితిమి. ఆ పాదములను కన్నులారా చూచి ఎన్నాళ్లయినదో!

ఇదంతయు ఎక్కడ నేర్చితివమ్మా యని అడుగగా, "మా పెద్ద సిస్టరమ్మ నేర్పింది. అడక్కుండా రోగి మీద దుప్పటి తీస్తే చేతిమీద ఒక్కటిచ్చేది" అని నవ్వెను.

గుంటూరులో ఈ విద్యకు వేరు పాతది. అమెరికా దేశపు పెన్సిల్వేనియాలో 1856లో పుట్టి, 1879లో వైద్యపట్టము పొందిన అన్నా సారా కూగ్లరమ్మగారు లూథరను మిషను స్త్రీల తరపున 1883లో గుంటూరు చేరిరి. వారిని మొదట వైద్యమునకని పంపలేదు. 1885లో గాని వైద్య మిషనరీగా నియమింపలేదు. ఆసుపత్రి 1898లో వెలసినది. 1930లో కన్నుమూయువఱకు ఆమె పని ఇక్కడనే. పురుషవైద్యుని ముందు చేయి చాపుటకంటె చావు మేలనుకొను స్త్రీలు ఇంటింట నున్న దినములవి. మా అత్తగారి తల్లి పుట్టినది ఆ ఆసుపత్రిలోనే యని ఇంట చెప్పుకొందురు.

ఇట్టి సేవను ఎరగా వేసి మతమును పట్టుదురని అనువారు కలరు. అట్లు చేసినవారు ఒక్కరును లేరని మేమనజాలము. అయితే లూకా సువార్తలో దొంగలచే కొట్టబడి దారిప్రక్క పడియున్నవానిని ఎత్తుకొనిపోయిన సమరయుడు వాని మతమడుగడు. గాయములు కట్టి, పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చి, తక్కువైనచో మరల వచ్చునపుడు ఇత్తునని చెప్పి తన దారిని తాను పోవును. గాయపడినవాడు తరువాత ఏమాయెనో కథలో లేదు. మఱి మా మాట యేమి? మేము వేసినది వేఱొక ఎర. దానికి తగులుకొన్నది పేరు.

ఆ రాత్రి గోడమీది కాగితము తీసివేసితిమి. పళ్లెములో గోరువెచ్చని నీళ్లు తెచ్చి మంచపు కాళ్లవైపు కూర్చుండి, "అత్తయ్యగారూ, కాళ్లు కడుగుదునా?" అని అడిగితిమి. ఆమె ఎడమకాలు వెనుకకు తీసికొని, "వద్దు" అనిరి. పూర్వమైనచో కడిగియే యుందుము. నీళ్లు పెరటిలో పారబోసితిమి. మరునాడును "వద్దు". మూడవనాడు ఏ మాటయు లేదు. ఎడమకాలు మాత్రము దుప్పటిలోనుండి తానై వెలికి వచ్చినది.

పరిశుద్ధ గురువారమున కాళ్లు కడుగు ఆచారము కొన్ని సంఘములలో నున్నది. కీర్తిశేషులైన పోపు ఫ్రాన్సిసుగారు 2013లో రోములోని బాలనేరస్థుల నిర్బంధగృహమునకు పోయి పన్నిద్దఱి పాదములు కడిగిరి. వారిలో ఇద్దఱు యువతులు. ఆ చిత్రమును లోకమంతయు చూచినది. వంగినవారి మనస్సును గూర్చి ఎందఱో వ్రాసిరి. కాళ్లు చాపినవారి మనస్సెట్లుండెనో అడిగినవారు తక్కువ.

పేతురుకు కూడ ఒక అత్తగారు కలదు. మార్కు సువార్త మొదటి అధ్యాయముననే ఆమె జ్వరముతో పడియుండును. యేసు చేయిపట్టి లేపును. జ్వరము విడువగనే ఆమె లేచి వారికి పరిచర్య చేయును. ఆమె పేరు లేదు. ఈ భాగము చదివినప్పుడెల్ల, జ్వరము విడిచిన గడియనే వంటయింటికి తోలిరా యని మాకు ఒళ్లు మండెడిది. సోదరీమణులకును అట్లే యుండునేమో! నాన్నగారు చెప్పిన ఒక సంగతి పిమ్మట జ్ఞప్తికి వచ్చినది. తాను వచ్చినది పరిచర్య చేయించుకొనుటకు కాదు, చేయుటకే యని యేసు తన్ను గూర్చి అదే సువార్తలో చెప్పుకొన్నపుడు మూలమగు గ్రీకులో ఏ క్రియాపదము కలదో, ఈ ముసలామెకును అదే వేసినారు. అంతకుముందు అరణ్యములో దేవదూతలకు ఒకసారి వచ్చిన ఆ పదము మనుష్యులలో మొదట దక్కినది ఒక అత్తగారికి! చేయించుకొనువారు ఎల్లకాలమును చేయించుకొనువారుగనే యుండవలెనను నియమము ఆ ఇంట లేదు. మా ఇంటనే ఉండెను.

2024 జనవరిలో పాచిపట్టిన బావిగట్టు మీద జారిపడి మా కుడి మణికట్టు విరిగినది. ఆరు వారములు కట్టు. మా వారు వండిన అన్నము ఒకపూట గంజి, ఒకపూట రాళ్లు. ముసలమ్మ ఉదయముననే వచ్చి అత్తగారి పని చూచి, మాకును చీర కుచ్చిళ్లు పెట్టి పోవుచుండెను. ఆమె ముట్టుకొన్నప్పుడెల్ల గోడవైపు చూచుట ఎంత సులభముగా వచ్చినదో!

ఒక ఆదివారము ముసలమ్మ జ్వరముతో రాలేదు. ఎడమచేతితో తల దువ్వుకొనలేక, చిక్కుపడిన దువ్వెనను జుట్టుననే విడిచి మంచము ప్రక్క కూర్చుండి ఏడ్చితిమి. అత్తగారు ఎడమచేతితో మంచపు పట్టెమీద టకటక కొట్టిరి. చూడగా దువ్వెన చూపుచున్నారు.

"వద్దండీ అత్తయ్యగారూ, మీకు శ్రమ" అంటిమి.

నెలలుగా పాఠము వలె వల్లించి ఆమె తిరిగి తెచ్చుకొన్న మాటలు పది లేవు. అందులో ఒకటి బడి పిల్లలతో పలికిన కంఠముతోనే పలికిరి: "కూర్చో."

కూర్చుంటిమి. ఆమె ఎడమచేయి చాల మెల్లగా చిక్కు తీసినది. జడ యల్లుటకు ఒక చేయి చాలదు. ఒక పాయ ఆమె పట్టుకొనగా, తక్కిన రెండును మేము మా ఎడమచేతితో భుజము మీదికి తెచ్చి దాటించుచు, రెండు ఎడమచేతులతో అల్లితిమి. ఒకచోట బిగువు, ఒకచోట వదులు. కొస చేరునప్పటికి ప్రక్కకు తిరిగిపోయినది. గుడిగంట మ్రోగుచుండగా మా వారు లోనికి వచ్చి చూచి, "ఎవరు వేసిరి?" అనిరి. అత్తగారు ఎడమచేయి ఎత్తిరి. ఆ జడతోనే గుడికి పోతిమి.